లినక్స్‌లో టూల్స్ ఎక్కడ పెట్టాలి? సిస్టమ్ పాడవకుండా ఇన్‌స్టాల్ చేసే పద్ధతి

"ఒక టూల్ డౌన్‌లోడ్ చేశాను, దీన్ని ఏ ఫోల్డర్‌లో పెట్టాలి?" కొత్తగా ఉబుంటు వాడేవాళ్లు పదేపదే అడిగేది ఇదే. కొన్నాళ్లకు అదే మనిషి నుంచి ఇంకో ప్రశ్న వస్తుంది: "సుడో పెట్టి ఏదో ఇన్‌స్టాల్ చేశాను, అప్పటి నుంచి టెర్మినల్ తెరుచుకోవడం లేదు." (సుడో అంటే అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపించేది.) మొదటిదానికి జవాబు సరిగ్గా పట్టుకుంటే రెండోది చాలావరకు రాదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది ఉబుంటు, డెబియన్, మింట్ వాడేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. ఫెడోరాలో ఏపీటీ (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే టూల్) బదులు డీఎన్ఎఫ్ ఉంటుంది, ఫోల్డర్ల లెక్క మాత్రం దాదాపు ఇదే. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెప్తాను.

ముందుగా తెలియాల్సింది ఒక్కటే. /యూఎస్ఆర్ ఫోల్డర్ ఏపీటీది. అందులో ఏ ఫైలు ఏ ప్యాకేజీతో వచ్చిందో ఏపీటీ కింద పనిచేసే డీపీకేజీ చిట్టా రాసుకుంటుంది. మీరు చేత్తో పెట్టిన ఫైలు ఆ చిట్టాలో ఉండదు. రేపు అప్‌డేట్ వచ్చినప్పుడు మీ ఫైలు మీద కొత్తది రాసేయవచ్చు, లేదా మీరు మార్చిన ఫైలును నమ్ముకున్న వేరే ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు. కాబట్టి /యూఎస్ఆర్/బిన్, /యూఎస్ఆర్/లిబ్, వాటికే లింకులుగా ఉండే /బిన్, /లిబ్ లాంటి చోట్ల చేత్తో ఏదీ పెట్టకండి. దీనికి మినహాయింపు /యూఎస్ఆర్/లోకల్. అది మెషీన్‌ని చూసుకునే మనిషి కోసం వదిలిన చోటు. డెబియన్ నియమాల ప్రకారం ప్యాకేజీలు అక్కడ ఖాళీ ఫోల్డర్లు తప్ప ఫైళ్లు పెట్టకూడదు.

కావలసినవి

- ఉబుంటు లేదా డెబియన్ ఉన్న మెషీన్. సుడో లేకపోయినా ఫర్వాలేదు. కాలేజీ ల్యాబ్ అకౌంట్‌లో కూడా ఇందులో చాలా భాగం చేయవచ్చు.
- బిల్డ్-ఎసెన్షియల్ (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారు చేసే టూల్స్), స్టో (ఫైళ్లకు లింకులు పెట్టే టూల్) అనే రెండు ప్యాకేజీలు. సుడో ఉంటే ఇలా:
  సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ స్టో
  ల్యాబ్‌లో ఇవి లేకపోతే అడ్మిన్‌ని అడగండి. ఎవరూ కాదనరు.
- హోమ్ ఫోల్డర్‌లో కాస్త ఖాళీ. డీఎఫ్ -హెచ్ ~ అని కొడితే ఎంత ఉందో తెలుస్తుంది (~ అంటే మీ హోమ్ ఫోల్డర్).

ప్రాక్టీసుకి గ్నూ (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు) వాళ్ల "హలో" ప్రోగ్రామ్ తీసుకుందాం. అది ఒక పలకరింపు ప్రింట్ చేసి ఊరుకుంటుంది. కానీ ఏపీటీలోనూ ఉంది, సోర్స్ కోడ్‌గానూ దొరుకుతుంది. ఒకే పేరుతో రెండు కాపీలుంటే ఏం జరుగుతుందో చూడటానికి ఇంతకంటే సులువైనది లేదు.

1. ముందు ఏపీటీలో ఉందేమో చూడండి

ఏపీటీ పాలసీ హలో

"క్యాండిడేట్" అన్న వరుసలో ఏ వెర్షన్ దొరుకుతుందో కనిపిస్తుంది. అది మీ పనికి సరిపోతే ఇక మిగతా స్టెప్పులు అక్కర్లేదు, సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ హలో అని కొట్టి పని చూసుకోండి. "లేటెస్ట్ వెర్షన్ కావాలి" అనుకునేవాళ్లలో చాలామందికి నిజంగా లేటెస్ట్ అక్కర్లేదు. పాతదైనా సెక్యూరిటీ అప్‌డేట్లు దానంతట అవే రావడం చిన్న లాభం కాదు.

పెద్ద ప్యాకేజీలకు ఒక జాగ్రత్త. ఇన్‌స్టాల్ తర్వాత -ఎస్ చేర్చి కొడితే ఉత్తుత్తి రన్ జరుగుతుంది. అందులో "రిమూవ్డ్" అనే జాబితా వస్తే ప్రతి పేరూ చదవండి. డెస్క్‌టాప్‌కి సంబంధించిన పేర్లు కనిపిస్తే అక్కడే ఆపేయండి.

ఇప్పుడు ప్రాక్టీసు కోసం ఏపీటీ హలోని కూడా ఇన్‌స్టాల్ చేసి, హలో అని ఒకసారి నడపండి. ఎందుకో 7వ స్టెప్పులో తెలుస్తుంది.

2. చోటు ఎంచుకోండి

ఏపీటీలో లేదు, లేదా కొత్త వెర్షనే కావాలి. అప్పుడు ఇలా ఆలోచించండి.

మీరొక్కరే వాడతారా? అయితే ~/.లోకల్. సుడో అక్కర్లేదు, ఏం పాడైనా మీ అకౌంట్ వరకే. నా మట్టుకు సొంత ల్యాప్‌టాప్‌లో పదింట తొమ్మిది సార్లు ఇదే జవాబు.

ఆ మెషీన్‌లో అందరూ వాడాలా? అయితే /యూఎస్ఆర్/లోకల్.

ఒకే ఫోల్డర్‌లో సొంత లైబ్రరీలన్నీ మోసుకొచ్చే పెద్ద సాఫ్ట్‌వేరా, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటిది? అందరికీ అయితే /ఓపీటీ కింద దాని పేరుతో ఒక ఫోల్డర్, మీకొక్కరికే అయితే ~/.లోకల్/ఓపీటీ. గూగుల్ క్రోమ్ ప్యాకేజీ కూడా /ఓపీటీ/గూగుల్/క్రోమ్‌లోనే కూర్చుంటుంది.

3. ఫోల్డర్లు, పాత్ సిద్ధం చేసుకోండి

ఎంకేడిర్ -పీ ~/.లోకల్/బిన్ ~/.లోకల్/షేర్ ~/.లోకల్/స్టో

బిన్ ఫోల్డర్‌ని ముందే తయారు చేయడం వెనక కారణం ఉంది. అది లేకపోతే స్టో ఆ ఫోల్డర్‌నే ఒక లింకుగా మార్చి హలో ఫోల్డర్‌కి కట్టేస్తుంది. తర్వాత పైథాన్ టూల్ ఏదైనా బిన్‌లో పెడితే అది వెళ్లి హలో ఫోల్డర్ లోపల పడుతుంది. తీసేసేటప్పుడు తికమక.

ఉబుంటులో ~/.ప్రొఫైల్ ఫైలు, ~/.లోకల్/బిన్ ఉంటే దాన్ని పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల వరుసలో) ముందు చేరుస్తుంది. కానీ లాగిన్ అయినప్పుడు మాత్రమే. కాబట్టి ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. తర్వాత:

ఎకో $పాత్

ఇక్కడ పాత్ అన్న నాలుగు అక్షరాలూ పెద్దవి. వచ్చిన వరుసలో మీ .లోకల్/బిన్ కనిపించాలి. కనిపించలేదా? మీ హోమ్‌లో .బ్యాష్_ప్రొఫైల్ అనే ఫైలు ఉందేమో చూడండి. అది ఉంటే బ్యాష్ (టెర్మినల్‌లో మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) .ప్రొఫైల్‌ని చదవదు. బ్యాష్ బదులు జెడ్‌షెల్ వాడేవాళ్లు .జెడ్ఎస్‌హెచ్ఆర్‌సీలో ఈ వరుస చేర్చుకోవాలి:

ఎక్స్‌పోర్ట్ పాత్="$హోమ్/.లోకల్/బిన్:$పాత్"

(పాత్, హోమ్ రెండూ పెద్ద అక్షరాలు.)

హెచ్చరిక: చివర్లో ఉన్న :$పాత్ మర్చిపోతే ఎల్ఎస్ కూడా పనిచేయదు. అలా జరిగితే టెన్షన్ పడకండి. ఎక్స్‌పోర్ట్ పాత్=/యూఎస్ఆర్/బిన్:/బిన్ అని కొట్టి, ఫైలు తెరిచి సరిచేయండి. ఇంకొకటి, పాత్‌లో ఒట్టి చుక్క పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. డౌన్‌లోడ్ చేసిన ఏదో ఫోల్డర్‌లో ఎల్ఎస్ అనే పేరుతో ఎవరైనా ఫైలు పెట్టి ఉంటే, మీరు ఎల్ఎస్ కొట్టినప్పుడు అది నడిచే ప్రమాదం ఉంది.

4. డౌన్‌లోడ్ చేసి, సంతకం సరిచూడండి

గ్నూ ఎఫ్‌టీపీ సైట్‌లోని హలో ఫోల్డర్ నుంచి హలో-2.12.టార్.జీజెడ్, దాని పక్కనే అదే పేరుకి .సిగ్ తోక ఉన్న ఫైలు (ఇదే డిజిటల్ సంతకం), పై ఫోల్డర్‌లో ఉండే గ్నూ-కీరింగ్.జీపీజీ (సంతకం సరిచూసే కీలు), ఈ మూడూ దించుకోండి. తర్వాత:

జీపీజీ --వెరిఫై --కీరింగ్ ./గ్నూ-కీరింగ్.జీపీజీ హలో-2.12.టార్.జీజెడ్.సిగ్

"గుడ్ సిగ్నేచర్" అని రావాలి. దాని కింద "ఈ కీ నమ్మకమైనదని ధ్రువీకరణ లేదు" అనే అర్థంలో హెచ్చరిక వస్తుంది. ఆ కీని మీరు స్వయంగా ధ్రువీకరించలేదని మాత్రమే దాని అర్థం. "బ్యాడ్ సిగ్నేచర్" అని వస్తే ఫైలు డిలీట్ చేయండి.

సైట్‌లో షా256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చూపే కోడ్) మాత్రమే ఇస్తే షా256సమ్ కమాండ్‌తో పోల్చుకోవచ్చు. కానీ అది సగం భరోసానే. ఫైలు, చెక్‌సమ్ రెండూ ఒకే సర్వర్‌లో ఉంటే, లోపలికి చొరబడ్డవాడు రెండింటినీ మార్చగలడు. 2003 మార్చిలో ఇదే గ్నూ ఎఫ్‌టీపీ సర్వర్‌లోకి ఒకరు చొరబడితే, జూలై చివరిదాకా ఎవరికీ తెలియలేదు. సంతకం కూడా సర్వరోగ నివారిణి కాదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది ఆ ప్రాజెక్టు మెయింటెయినర్లలో ఒకరే. ఆ వెర్షన్లు డెబియన్ పరీక్షా శాఖలైన టెస్టింగ్, అన్‌స్టేబుల్‌లోకి వెళ్లాయి గానీ, మామూలు యూజర్ల కోసం ఉండే స్టేబుల్‌ని తాకలేదు. 1వ స్టెప్పు మీద నేను అంత పట్టుబట్టడానికి అదొక కారణం.

5. బిల్డ్ చేయండి, సుడో లేకుండా

టార్ ఎక్స్ఎఫ్ హలో-2.12.టార్.జీజెడ్
సీడీ హలో-2.12
./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/.లోకల్/స్టో/హలో-2.12
మేక్
మేక్ చెక్
మేక్ ఇన్‌స్టాల్

(హోమ్ పెద్ద అక్షరాలు.) అసలు కీలకం మూడో వరుసలోని ప్రిఫిక్స్, అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటు. అది ఇవ్వకపోతే మామూలుగా /యూఎస్ఆర్/లోకల్‌కి వెళ్తుంది. అప్పుడు "పర్మిషన్ డినైడ్" వస్తుంది, మనవాళ్లు వెంటనే ముందు సుడో తగిలిస్తారు. కథ మొదలయ్యేది అక్కడే. ప్రిఫిక్స్‌గా /యూఎస్ఆర్ ఇమ్మని ఏదైనా గైడ్ చెబితే ఆ గైడ్‌ని మూసేయండి.

ఎక్కడికి ఏం వెళ్తుందో ముందే చూడాలంటే మేక్ -ఎన్ ఇన్‌స్టాల్ కొట్టండి. చేయబోయే పనుల జాబితా చూపి ఊరుకుంటుంది.

6. స్టోతో లింకులు పెట్టండి

సీడీ ~/.లోకల్/స్టో
స్టో హలో-2.12

స్టో చేసే పని చిన్నది. హలో-2.12 లోపలి బిన్, షేర్ ఫైళ్లకు ~/.లోకల్‌లో లింకులు పెడుతుంది. దాని విలువ తీసేసేటప్పుడు తెలుస్తుంది:

స్టో -డి హలో-2.12

(ఇక్కడ డి పెద్ద అక్షరం.) లింకులన్నీ పోతాయి. తర్వాత ఆ ఒక్క ఫోల్డర్ డిలీట్ చేస్తే శుభ్రం. కొత్త వెర్షన్‌కి మారాలన్నా ఇంతే, పాతదానికి -డి, కొత్తదానికి ఒట్టి స్టో. నచ్చకపోతే నిమిషంలో వెనక్కి వెళ్లవచ్చు.

స్టో దొరకని చోట ఎల్ఎన్ -ఎస్‌తో బిన్‌లోకి చేత్తో లింకు పెట్టుకున్నా పని జరుగుతుంది.

7. ఏది నడుస్తోందో సరిచూసుకోండి

టైప్ -ఎ హలో

కనీసం రెండు వరుసలు రావాలి, ముందు మీ ~/.లోకల్/బిన్/హలో, తర్వాత /యూఎస్ఆర్/బిన్/హలో (/బిన్ దానికే లింకు కాబట్టి /బిన్/హలో అనే మూడో వరుస కూడా రావచ్చు). పైన ఉన్నదే నడుస్తుంది. ఇప్పుడు హలో --వెర్షన్ కొట్టి 2.12 వచ్చిందో లేదో చూడండి.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే. 1వ స్టెప్పులో ఏపీటీ హలోని నడిపారు కదా, ఆ తర్వాత లాగౌట్ కాకుండా అదే టెర్మినల్‌లో పని కొనసాగించి ఉంటే, టైప్ -ఎ కొత్తదాన్నే ముందు చూపిస్తుంది, నడిపితే మాత్రం పాత వెర్షనే రావచ్చు. బ్యాష్ ఒకసారి నడిపిన కమాండ్ చిరునామాను గుర్తుపెట్టుకుంటుంది, టైప్ -ఎ ఆ జ్ఞాపకాన్ని చూడదు. మందు:

హ్యాష్ -ఆర్

లేదా కొత్త టెర్మినల్ తెరవండి. ఇన్‌స్టాల్ సరిగ్గా కాలేదనుకుని మళ్లీ మొదటి నుంచి బిల్డ్ చేసేవాళ్లలో చాలామందికి కావలసింది ఈ ఒక్క కమాండే.

ఇంకో రెండు పరీక్షలు. రీడ్‌లింక్ -ఎఫ్ ~/.లోకల్/బిన్/హలో కొడితే స్టో ఫోల్డర్‌లోని అసలు ఫైలు కనిపించాలి. డీపీకేజీ -ఎస్ /యూఎస్ఆర్/బిన్/హలో (ఎస్ పెద్దది) కొడితే "హలో" ప్యాకేజీ పేరు రావాలి. ఏ ఫైలు ఎవరిదో తేల్చుకోవడానికి ఈ రెండో కమాండ్ ఎప్పుడూ పనికొస్తుంది. పాత ఉబుంటులో ఎల్ఎస్ లాంటి కొన్ని ఫైళ్లకు "దొరకలేదు" అంటుంది. అవి /బిన్ కింద నమోదై ఉంటాయి, ఆ దారితో అడిగి చూడండి.

అందరి కోసం పెట్టాలంటే

ప్రిఫిక్స్‌ని /యూఎస్ఆర్/లోకల్/స్టో/హలో-2.12గా మార్చండి. కాన్ఫిగర్, మేక్ రెండూ మామూలు యూజర్‌గానే చేయండి. మేక్ ఇన్‌స్టాల్‌కి, /యూఎస్ఆర్/లోకల్/స్టోలో స్టో కొట్టేటప్పుడు మాత్రమే సుడో. లైబ్రరీలు పెట్టే సాఫ్ట్‌వేర్ అయితే చివర్లో సుడో ఎల్‌డీకాన్ఫిగ్ కూడా. ఆ తర్వాత ఇంకో యూజర్ అకౌంట్‌తో నడిపి చూడండి, మీ అకౌంట్‌లో నడిచినంత మాత్రాన అందరికీ నడుస్తుందని కాదు.

/ఓపీటీలో టార్ ఫైలు విప్పేటప్పుడు ఒక మెలిక. సుడోతో టార్ విప్పితే, ప్యాక్ చేసిన మనిషి యూజర్ నంబరే ఫైళ్లకు ఓనర్‌గా దిగవచ్చు. ఆ నంబర్ 1000 అయితే, ఉబుంటులో మొదటి మామూలు యూజర్ నంబర్ కూడా అదే. అంటే ఆ యూజర్ ఆ ఫైళ్లను ఇష్టమొచ్చినట్టు మార్చగలడు. --నో-సేమ్-ఓనర్ చేర్చి విప్పండి.

పైథాన్, నోడ్ టూల్స్

డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఒట్టి పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చే టూల్) ఇన్‌స్టాల్ కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అనే ఎర్రర్ వస్తుంది. దాన్ని దాటడానికి --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అనే ఆప్షన్ ఉంది. పేరులోనే ఏం జరుగుతుందో చెప్పారు, ఇంతకంటే నిజాయితీగా ఎవరూ పేరు పెట్టలేరు. దాన్ని సుడోతో కలిపి వాడితే ప్యాకేజీలు /యూఎస్ఆర్/లోకల్ కింద పడతాయి. సిస్టమ్ పైథాన్ వాటిని తన సొంత ప్యాకేజీల కంటే ముందు చూస్తుంది. అలా ఉబుంటు సొంత టూల్స్ కూడా తప్పు వెర్షన్‌తో నడిచి ఆగిపోతాయి.

బదులుగా: సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ పిప్ఎక్స్, తర్వాత పిప్ఎక్స్ ఇన్‌స్టాల్, పక్కన టూల్ పేరు. ప్రతి టూల్‌కీ వేరే ఎన్విరాన్‌మెంట్ తయారై, కమాండ్ ~/.లోకల్/బిన్‌లోకి వస్తుంది. కమాండ్ కాకుండా మీ ప్రోగ్రామ్‌లో వాడే లైబ్రరీ కావాలంటే ప్రాజెక్టు ఫోల్డర్‌లో పైథాన్3 -ఎం వీఈఎన్‌వీ .వీఈఎన్‌వీ కొట్టి, దాని లోపలి పిప్ వాడండి.

నోడ్ వాడేవాళ్లు సుడో ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు తెచ్చే టూల్) మానేసి, ఒకసారి ఎన్‌పీఎం కాన్ఫిగ్ సెట్ ప్రిఫిక్స్ ~/.లోకల్ అని పెట్టుకుంటే చాలు.

కర్ల్ నుంచి నేరుగా సుడో బ్యాష్‌కి పంపమనే సైట్లు

కర్ల్ అంటే నెట్ నుంచి ఫైలు దించే కమాండ్. ఒక వరుస కాపీ చేసి పేస్ట్ చేస్తే అయిపోతుందని చాలా ప్రాజెక్టులు ఇలా చెప్తాయి. చదవని స్క్రిప్టుకి మెషీన్ మొత్తం అప్పజెప్పడమే అది. స్క్రిప్టుని ముందు ఫైలుగా దించుకుని, లెస్‌తో తెరిచి, సుడో, ఆర్ఎం, /యూఎస్ఆర్, /ఈటీసీ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. చాలా స్క్రిప్టులకు ప్రిఫిక్స్ లాంటి ఆప్షన్ ఉంటుంది, దానికి ~/.లోకల్ ఇచ్చి సుడో లేకుండా నడపండి.

తరచూ వచ్చే సమస్యలు

*టూల్ నడుస్తోంది, సుడో పెడితే "కమాండ్ నాట్ ఫౌండ్".* సుడోకి సొంత పాత్ ఉంటుంది, అందులో మీ హోమ్ ఉండదు. అది తప్పు కాదు, రక్షణ. నిజంగా అవసరమైతే పూర్తి దారి ఇవ్వండి. క్రాన్‌లోనూ (పెట్టిన సమయానికి కమాండ్లు నడిపేది) ఇదే సమస్య, అక్కడ కూడా పూర్తి దారే రాయాలి.

*సీహెచ్‌మాడ్ +ఎక్స్ ఇచ్చినా "పర్మిషన్ డినైడ్".* ల్యాబుల్లో ఎక్కువ. ఫైండ్‌ఎంఎన్‌టీ -టీ ~ (టీ పెద్దది) కొట్టి, ఆప్షన్లలో నోఎగ్జెక్ ఉందేమో చూడండి. ఉంటే అక్కడి నుంచి ప్రోగ్రామ్ నడపకూడదని అడ్మిన్ పెట్టుకున్నారు. ఆయనతో మాట్లాడటమే దారి. సీహెచ్‌మాడ్ 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇస్తే ఇది తీరదు, పైగా అందరికీ తలుపు తెరిచినట్టవుతుంది.

*స్టో "కాన్‌ఫ్లిక్ట్" అంటోంది.* ఆ పేరుతో అక్కడ ముందే ఒక ఫైలు ఉంది. షేర్/ఇన్ఫో/డిర్ అనే ఫైలు గురించి అయితే, స్టో ఫోల్డర్‌లో కొత్త ప్యాకేజీ లోపలి ఆ డిర్ ఫైలును డిలీట్ చేసి మళ్లీ కొట్టండి. వేరే ఫైలైతే అది ఎవరిదో తేలేదాకా డిలీట్ చేయకండి.

*ప్రిఫిక్స్ లేకుండా సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టేశాను.* సోర్స్ ఫోల్డర్ ఇంకా ఉంటే అందులోంచే సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. చాలా ప్రాజెక్టుల్లో పనిచేస్తుంది. లేకపోతే ఫైండ్ /యూఎస్ఆర్/లోకల్ -సీమిన్ -30 కొడితే గత అరగంటలో అక్కడ మారినవన్నీ వస్తాయి, చూసుకుని తీసేయండి.

*/యూఎస్ఆర్‌లో ఏదో మార్చేశాను, ఏదో గుర్తులేదు.* సుడో డీపీకేజీ --వెరిఫై కొట్టండి. ప్యాకేజీతో వచ్చినప్పటి నుంచి మారిన ఫైళ్ల పేర్లు వస్తాయి. /ఈటీసీలోవి మారడం మామూలే, /యూఎస్ఆర్‌లోవి అనుమానించాలి. డీపీకేజీ -ఎస్‌తో (ఎస్ పెద్దది) ప్యాకేజీ పేరు తెలుసుకుని, సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ చేయండి.

*పైథాన్3 లింకుని కొత్త వెర్షన్‌కి తిప్పాక టెర్మినల్ తెరుచుకోవడం లేదు.* ఉబుంటులో గ్నోమ్ టెర్మినల్‌ని మొదలుపెట్టేది ఒక పైథాన్ స్క్రిప్టే, అందుకే ఇలా అవుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర మీద లాగిన్ వస్తుంది. లాగిన్ అయి, ఉబుంటు 22.04 అయితే:

సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

24.04 అయితే పైథాన్3.12. తర్వాత రీస్టార్ట్ చేయండి. కొత్త పైథాన్ కావాలంటే దాన్ని పూర్తి పేరుతోనే పిలవండి, పైథాన్3 అన్న పేరు ఉబుంటుకి వదిలేయండి.

*హోమ్‌లో నా ఫైళ్లనే నన్ను మార్చనివ్వడం లేదు.* ఎప్పుడో సుడోతో నడిపిన ఇన్‌స్టాలర్ వాటిని రూట్ (అడ్మిన్ అకౌంట్) పేరు మీద రాసి ఉంటుంది. ఫైండ్ ~ -యూజర్ రూట్ కొట్టి జాబితా చూడండి. అవన్నీ ~/.లోకల్, ~/.క్యాష్, ~/.ఎన్‌పీఎం లాంటి మీ ఫోల్డర్లలోనివే అయితే, ఒక్కో ఫోల్డర్‌కి సుడో సీహెచ్ఓన్ -ఆర్ $యూజర్: ~/.ఎన్‌పీఎం అన్నట్టు ఇవ్వండి (ఆర్, యూజర్ పెద్ద అక్షరాలు, యూజర్ తర్వాత కోలన్). ఎంటర్ నొక్కే ముందు దారిలో ~ ఉందో లేదో ఇంకోసారి చూడండి. అది లేకుండా ఒట్టి / మీద ఈ కమాండ్ నడిస్తే సుడో కూడా పనిచేయడం మానేస్తుంది.